బండాయన సలాం

నా గురించి కావలిలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. కొత్తగా చేరిన నర్సు ముందు వరండాలో కాలు మీద కాలు వేసుకుని వారపత్రిక చదువుకుంటూ ఉంటే, వెనక పెరట్లో గూడుబండిలో ఒక నిండు చూలాలు ప్రాణం విడిచిందని ఆ కథ. ఇన్నేళ్ళయినా ఏ పెళ్ళిలోనో ఏ పేరంటంలోనో నేను కనపడితే చాలు, ఒకావిడ పక్కావిడ చెవిలో దాన్ని ఊదుతుంది. నా చెవులకేం జబ్బు లేదు కాబట్టి నాకూ వినపడుతుంది.

ముందు అందులో అబద్ధాలు తీసేస్తాను. నేను పత్రిక చదవలేదు. ఆ ఉదయం నాకు కూర్చునే తీరిక కూడా లేదు. ఆ అమ్మాయి ప్రాణం బండిలో పోలేదు. డాక్టరుగారి కారులో, నెల్లూరు దారిలో, నా ఒళ్ళో తల ఉండగా పోయింది. ఈ రెండూ తీసేశాక మిగిలేది ఒక్కటే: పొద్దుటి నుంచి ఆమె పెరట్లో బండిలో ఉంది, ఆ సంగతి నాకు తెలియదు. అది నిజం. నా పేచీ అంతా ఆ నిజంతోనే.

ఇంకో కథ కూడా ఉంది. అది మా పిన్ని చెప్పేది, నన్ను వెనకేసుకొస్తూ. "ఆ సాయిబుల ఆడోళ్ళు నోరు తెరిచి పిలవకపోతే మా పిల్ల కల కంటదా?" అని. పిన్ని ప్రేమ నాకు తెలుసు గానీ ఆ మాట నాకు మొదటి కథ కంటే ఎక్కువ మంట. వాళ్ళు పిలిచారు. వాళ్ళు పిలిచే పద్ధతిలో పిలిచారు. అది పిలుపని నాకెవరూ చెప్పలేదు.

అరవైల మొదటి ఏళ్ళు. నేను ఇంటర్మీడియట్ చదివి, ఆ తర్వాత మద్రాసులో నర్సు ట్రైనింగు పూర్తి చేసి వచ్చాను. రైలుకట్టకు తూర్పున, సముద్రం వైపు పోయే రోడ్డు మీద, ఒక పెద్ద డాక్టరుగారు సొంతంగా నడిపే క్లినిక్కులో ఉద్యోగం దొరికింది. రైలుకట్టకు ఇవతల మా పిన్ని ఇంట్లో మకాం. క్లినిక్కులో మనుషులు తక్కువ. డాక్టరుగారు, ఒక కాంపౌండరు, ఒక ఆయా, ఇప్పుడు నేను. నాకు ముందు చాలా ఏళ్ళు పనిచేసిన నర్సమ్మ, భర్త నాయుడుపేటలో కొట్టు పెట్టుకున్నాడని, నేను చేరక ముందే రైలెక్కి వెళ్ళిపోయింది. ఆమె మొహం కూడా నేను చూడలేదు.

చేరిన రోజు డాక్టరుగారు కాఫీ తాగుతూనే నాకు క్లినిక్కంతా చూపించారు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి చూపించడమూ అయిపోయింది.

"ఇదిగో స్టెరిలైజరు. ఇది మందుల బీరువా, తాళం నీ దగ్గరొకటి నా దగ్గరొకటి. ప్రసవాల గది అది. మిగతావి ఆయా చెబుతుందిలే. మద్రాసులో చదివొచ్చినదానివి, నీకు నేను చెప్పేదేముందమ్మా?"

ఆ చివరి మాట పొగడ్త అనుకున్నాను. పని నేర్పకుండా తప్పించుకోవడానికి పొగడ్తను మించిన ఉపాయం లేదని తెలియడానికి నాకు కొంత వయసు రావలసి వచ్చింది.

ఆయా తన వంతు తను చెప్పింది. "ఈడ చీపుర్లు, ఆడ బేసిన్లు. ఆ కుర్చీలో కూర్చోబాకమ్మా, కాలు ఇరిగుండాది. అయ్యగారు పేపరు చదివేటప్పుడు పలకరించబాక, కరుస్తాడు."

"పాత నర్సమ్మ నాకేమైనా చెప్పమందా?" అని అడిగాను.

"ఏం చెప్పిద్దమ్మా! ఏడ్చుకుంటా పోయింది. పోతా పోతా నా చేతికి ఒక చీర పెట్టింది. బో మంచి చీర."

కాంపౌండరు నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "మందులు కలిపే గది నాది. మీరు దాంట్లోకి రాబాకండి, నేను మీ గదిలోకి రాను. కాలేజీ చదువులు చదివినోళ్ళు గదా, మనకి తగువెందుకు" అన్నాడు. తగువు వద్దంటూనే తగువు పెట్టుకోవడంలో ఆయనది అందె వేసిన చేయి. ఏ గదిలోకి పోకూడదో అందరూ చెప్పారు. ఏ తలుపు తెరిచి చూడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ వారమంతా వాయుగుండం. సముద్రం మీద నుంచి వాన అడ్డంగా కొట్టేది. పెరటి తలుపులోంచి జల్లు లోపలికి వస్తోందని కాంపౌండరు దాన్ని మూసి, గడియ పెట్టి, కింద సందులో గోనెపట్టా కుక్కాడు. నేను చేరేనాటికే అది అలా ఉంది. ఆ తలుపుతో ఎవరికేం పనో కూడా నేను అడగలేదు. మూసిన తలుపు గురించి ఎవరు అడుగుతారు?

ఆ ఉదయం ముందు వరండా నిండా జనం. తడిసిన గొంగళ్ళ వాసన, దగ్గులు, జ్వరాలు. తేలు కుట్టిన రైతు ఒకడు "అమ్మా నర్సమ్మా, నన్ను ముందు చూడమని చెప్పు తల్లీ, నీ కడుపు చల్లగుండ" అని నా వెనకాలే తిరుగుతున్నాడు. నేను ఇంజెక్షన్లు ఇస్తూ, గాయాలు కడుగుతూ, స్టెరిలైజరుకూ వరండాకూ మధ్య పరుగులు పెడుతున్నాను.

రోడ్డుకు అవతల టీకొట్టు ఉంది. దాని చూరు కింద ఒక ముసలాయన నిలబడి తలగుడ్డ పిండుకుంటున్నాడు. నేను వరండా అంచుకు వచ్చి బేసిన్లో నీళ్ళు పారబోస్తుంటే ఆయన నా వైపు చూసి, కుడి చెయ్యి నుదుటి దాకా ఎత్తి, సలాం పెట్టాడు.

ఎవరో మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. పెద్దాయన కదా అని నేనూ తల ఊపాను. లోపలికి వెళ్ళిపోయాను.

అంతే. నా జీవితంలో నేను ఎన్నోసార్లు తల ఊపాను. ఆ ఒక్కసారి ఊపిందాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేకపోతున్నాను.

మధ్యాహ్నం అవుతుండగా వాన తెరిపి ఇచ్చింది. రోగులు పలచబడ్డారు. కడిగిన రబ్బరు షీట్లు ఆరేయడానికి చోటు లేక, పెరట్లో తీగ ఉంటుందేమోనని, గోనెపట్టా లాగి పారేసి ఆ తలుపు తీశాను.

పెరట్లో గూడుబండి. రెండు వైపులా పరదా కట్టి ఉంది. విప్పిన ఎడ్లు గోడ పక్కన నిలబడి గడ్డి నములుతున్నాయి. ఎవరిదో బండి, వానకు ఇక్కడ ఆపుకున్నారు అనుకున్నాను. అప్పుడు బండి కింద నేల చూశాను. అక్కడ నిలిచిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా వైపు ఎర్రమట్టి లేదు. అంతా తెల్లటి ఇసుకే.

రబ్బరు షీట్లు ఎక్కడ పడేశానో తెలియదు. పరదా లాగాను. లోపల నల్ల బురఖాలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, ముసుగు పైకెత్తుకుని. ఆమె ఒళ్ళో ఒక అమ్మాయి తల. నా కంటే చిన్నది. పొట్ట నిండుగా ఉంది. కింద పరిచిన దుప్పట్లు, వాటి మీద మడిచి పెట్టిన చీరలు, అన్నీ తడిసిపోయి ఉన్నాయి.

పెద్దావిడ నన్ను తిట్టలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కానిది.

"వచ్చినావా అమ్మా! పనిలో ఉండావని బండాయన చెప్పినాడు. సలాం పెడితే తల ఊపినావంట గదా. వస్తావులే అని కూర్చోనుండాం. నా కోడలమ్మా, తొలి చూలు."

నేను ఆ పిల్ల నాడి పట్టుకున్నాను. దారంలా ఉంది. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. గాజుల చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

"నొప్పి లేదక్కా," అంది. "పొద్దుటి నుంచి కొంచెం కూడా లేదు. నొప్పి లేకపోతే మంచిదే గదా?"

మంచిది కాదు. నిండు నెలల్లో నొప్పి లేకుండా రక్తం పోతోందంటే, బిడ్డ కంటే కిందికి మాయ దిగి ఉందన్నమాట. నొప్పి ఉంటే అరిచి ఉండేది. అరిస్తే ఎవరో ఒకరు తలుపు తీసేవాళ్ళు. ఆ పిల్లకు అరవడానికి కారణమే లేకపోయింది.

"మంచిదేనమ్మా," అన్నాను.

ఆయా పరుగెత్తుకొచ్చింది. పెద్దావిడ దుప్పటి అడ్డం పట్టుకుంటే నేనూ ఆయా ఆ పిల్లను లోపలికి మోశాం. అంత అవస్థలోనూ కాలి మడమలు కనపడకుండా పెద్దావిడ చీర కిందికి లాగుతూనే ఉంది. డాక్టరుగారు చూసిన క్షణంలో ఆయన మొహం మారిపోయింది. సెలైన్ ఎక్కించి, "ఇక్కడ కాదు, నెల్లూరు తీసుకుపోవాలి, పదండి" అని కారు తీశారు. ఆ మాటకు ఆయనను మెచ్చుకుంటాను. మళ్ళీ వాన, గుంటల రోడ్డు, అయినా తనే తోలారు. వెనక సీట్లో ఆ పిల్ల తల నా ఒళ్ళో, కాళ్ళు అత్తగారి ఒళ్ళో. ఒక చేత్తో నేను సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాను.

కొంత దూరం వెళ్ళాక ఆ పిల్ల, "అక్కా, నాకు నిద్రొస్తా ఉంది," అంది.

"నిద్రపోబాక. నాతో మాట్లాడు. ఏం చేస్తారు మీ వాళ్ళు?"

"మా మామది చెప్పుల కొట్టు. మా ఆయన తోళ్ళు కొననీకి పోయినాడు. రేపు వస్తాడు." నా మొహంలోకి చూసి, "నువ్వు కొత్తదానివా? పాత నర్సక్క లావుగా ఉంటాదంట గదా," అని నవ్వబోయింది.

పెన్న వంతెన ఇంకా కనపడలేదు. కోవూరు కూడా రాలేదు. నాడి నా వేళ్ళ కింద నుంచి జారిపోయింది. నేను సీసా ఎత్తి పట్టుకునే ఉన్నాను. ఎంతసేపు అలా పట్టుకున్నానో! డాక్టరుగారు కారు పక్కకు ఆపి, వెనక్కి తిరిగి చూసి, నా చేతిలోంచి సీసా మెల్లగా తీసుకున్నారు. పెద్దావిడ తన బురఖా ముసుగు విప్పి కోడలి మొహం మీద కప్పింది. పెదాలు కదుపుతూ ఏదో చదువుకుంది. తర్వాత, "ఇంటికి పోదాం సామీ," అంది. అంతే.

మర్నాడు వరండాలో జనం గుసగుసలాడుతుంటే డాక్టరుగారు బయటికి వచ్చి, నా పరువు కాపాడుతున్నాననుకుంటూ, "కొత్త పిల్ల, పాపం, తెలియలేదు," అన్నారు. ఆ ఒక్క మాటతో ఊరికి కథ దొరికింది. కొత్త నర్సుకు తెలియలేదు. ఏం తెలియలేదో ఎవరూ అడగలేదు. పని తెలియదేమో, పొగరేమో, ఆ సాయిబుల వీధి వాళ్ళంటే చులకనేమో. ఎవరికి తోచింది వాళ్ళు అతికించుకున్నారు. వారపత్రికను ఎవరు అతికించారో నాకు ఇంకా దొరకలేదు.

నేను ఆయన గదిలోకి వెళ్ళాను. పేపరు చదువుతున్నారు. అయినా పలకరించాను.

"ఏం తెలియలేదండీ నాకు? చెప్పండి. రక్తం పోతుంటే ఏం చెయ్యాలో తెలియలేదా? సెలైన్ ఎక్కించడం తెలియలేదా?"

"అది కాదమ్మా, బండి వచ్చిన సంగతి..."

"బండ్లు పెరట్లోకి వస్తాయని మీరు చెప్పారా?"

ఆయన పేపరు మడిచారు. "నిజం చెప్పాలంటే నాకూ తెలియదమ్మా. ఆ ఆడవాళ్ళు ఎప్పుడూ పాత నర్సమ్మ వెంట లోపలికి వచ్చేవాళ్ళు. ఎట్లా వచ్చేవాళ్ళో నేనెప్పుడూ అడగలేదు."

సొంత క్లినిక్కు. సొంత పెరడు. ఆయనకు తెలియదు. మరి "డాక్టరుగారికి తెలియలేదు, పాపం" అని ఊళ్ళో ఒక్కరూ అనరే!

ఆయాను అడిగాను. పక్క సందులోంచి బావి దగ్గరికి పోయినప్పుడు ఆమె బండిని చూసింది. "చూసినా. నువ్వు పోయి చూసొచ్చుంటావు అనుకున్నా. నర్సమ్మ పని నర్సమ్మది గదా తల్లీ, నేను చెప్తే ఎచ్చులకి పోయినట్టు ఉండదా? మద్రాసు చదువు నీది." ఏడ్చింది. ఆమెను ఇంకేం అంటాను? కాంపౌండరును కూడా అడిగాను. ఎడ్ల గంటలు విన్నాడట. "ఆడోళ్ళుండే బండి కాడికి మొగోడు పోవచ్చా? పోతే ఎముకలు ఇరుస్తారు," అన్నాడు. "నాకు చెప్పడానికి ఏమొచ్చింది?" అంటే, "మీ గదిలోకి నేను రానని మొదట్నే అనుకున్నాం గదా," అన్నాడు. నా చేతిలో అప్పుడు బేసిన్ ఉంది. దాన్ని విసరలేదు. విసిరి ఉండాల్సింది.

సెలవు పెట్టి నాయుడుపేట పోయాను, పాత నర్సమ్మతో పోట్లాడటానికే. దారి పొడుగునా మాటలు నూరుకుంటూ వెళ్ళాను. ఆమె కొట్టు వెనక ఇంట్లో చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆ పిల్ల చెప్పినట్టే, లావుగా. సంగతి ముందే విన్నదట. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి లేచింది.

"నాకొక చిన్న ముక్క చెప్పి పోయి ఉండకూడదా అక్కా?" అన్నాను. నూరుకున్న మాటల్లో మిగిలింది అదొక్కటే.

"ఏమని చెప్పాలమ్మా? అది చెప్పాల్సిన సంగతని నాకు తట్టలా. మొదట్లో ఆ బండాయన వరండాలోకి వచ్చి, పలానా వాళ్ళ కోడలు వచ్చింది, ఇట్టా ఉండాది అని గట్టిగా చెప్పినాడు. అంతమంది మొగోళ్ళ మధ్యలో మా ఇంటి ఆడోళ్ళ ఊసు ఎత్తుతావా అని వాళ్ళు ఆయన్ని చీవాట్లు పెట్టినారు. అప్పుట్నుంచి టీకొట్టు కాడ నిలబడి ఒక సలాం పెడతాడు. నేను తల ఊపుతాను. ఊపినానంటే చేతిలో పని దించి పెరట్లోకి పోతానని. ఎవరూ పెట్టిన పద్ధతి కాదు, అదే పడిపోయింది. ఇంట్లోకి ఎట్టా నడవాల్నో ఎవరన్నా ఎవరికన్నా చెప్తారా?"

నాకు అన్నం పెట్టింది. తిన్నాను. పోట్లాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బస్సు ఎక్కేటప్పుడు ఆమె, "నిన్ను చూసి ఆయన సలాం పెట్టినాడంటే నీ మీద నమ్మకంతోనే గదమ్మా," అంది. ఓదార్పు అనుకుని అంది.

తర్వాత నేను బి.ఎ. కట్టి ప్యాసయ్యాను, ఇప్పుడు నర్సింగు చదివే ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. కొత్తచోట చేరినప్పుడు ఏం అడగాలని వాళ్ళు అడుగుతుంటారు. తెలియని సంగతి ఫలానా అని తెలిస్తేనే కదా అడిగేది! గోడలన్నీ చూడండి, తలుపులన్నీ తీయండి అంటాను. వాళ్ళు నవ్వుతారు.

ఆ పిల్ల పోయాక కూడా ఆ క్లినిక్కు నేను మానలేదు. మానితే ఊరి కథ గెలిచినట్టు. అయితే ఆ తర్వాత గూడుబండ్లు రావడం ఆగిపోయింది. రోజూ ముందు పెరటి తలుపు తీసి, ఆ తర్వాతే స్టెరిలైజరు వెలిగించేదాన్ని. "ఈగలొస్తాయి," అని కాంపౌండరు సణిగేవాడు. రానివ్వండి అనేదాన్ని. ఖాళీ పెరడు, తెల్లటి ఇసుక. ఆ వీధి ఆడవాళ్ళు జబ్బు చేస్తే ఎటు పోతున్నారో, అసలు పోతున్నారో లేదో తెలియదు. ఊరు నన్ను అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఆ ఖాళీ పెరడు ఒక ఎత్తు.

వేసవి వచ్చింది. ఒక పొద్దున టీకొట్టు చూరు కింద అదే ముసలాయన. నా వైపు చూశాడు. చెయ్యి ఎత్తడానికి జంకాడు. సగం ఎత్తి ఆపాడు. నేను తల ఊపలేదు. చేతిలో ఉన్నది అక్కడే పడేసి పరుగెత్తాను. పరదా తీస్తే ఆ పెద్దావిడే. ఈసారి పక్కన కన్నకూతురు, పురిటి నొప్పులతో. ఆ పిల్ల అరుస్తోంది, పెరడు దద్దరిల్లేటట్టు అరుస్తోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"వచ్చినావా అమ్మా," అంది పెద్దావిడ. అప్పుడన్న మాటే, అదే గొంతు.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పెద్దావిడ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ప్రసవాల గది గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. అడగాలనుకున్నది నోటి దాకా వచ్చింది. బిడ్డ ఏడుపు అందుకుంది, ఆవిడ లేచి లోపలికి పోయింది. అడగలేదు. ఇంకెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆవిడ ఉందో లేదో కూడా తెలియదు.

ఊరి వాళ్ళను నేను ఏమీ అడగను, వాళ్ళ కథ వాళ్ళది. ఆవిడనొక్కదాన్నే అడగాలి. అంత వానలో, ఆ పరదాల మధ్య, నేను వస్తానని మీరు కూర్చున్నంతసేపట్లో ఆ పిల్ల ఒక్కసారైనా, "అత్తా, కేకేసి పిలువు," అన్నదా? అని ఉంటే, నువ్వేమన్నావమ్మా?